చెప్పిన రోజుకు వచ్చే మనిషి

వేలూరు పేరు చెప్పగానే మనకు ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి. చిత్తూరు, కడప, అనంతపురం వైపు పల్లెల్లో "వేలూరుకు తీసుకుపోయినారు" అని ఎవరైనా అంటే ఇంకేమీ అడగక్కరలేదు. జబ్బు పెద్దదనీ, ఇంట్లోవాళ్ళు ఇంకా ఆశ వదులుకోలేదనీ రెండు సంగతులూ ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతాయి. నూరేళ్ళకు పైగా మూడు రాష్ట్రాల మనుషులు అంత నమ్మకం పెట్టుకున్న చోటు ఎలా తయారైంది? ఈ ప్రశ్నకు అందరూ చెప్పే జవాబు ఒకటుంది. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం వేలూరు నుంచి గుడియాత్తం పోయే దారిలో ఉందని నా నమ్మకం. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

ముందు అందరూ చెప్పే కథ. అమెరికా మిషనరీ వైద్యుల కుటుంబంలో ఐడా స్కడ్డర్ 1870లో రాణిపేటలో పుట్టారు. 1890లో తల్లికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే తిండివనం వచ్చారు. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కానుపు కష్టంలో ఉన్నారు. మగ డాక్టరు చేత చూపించడానికి వాళ్ళ ఆచారం ఒప్పుకోదు. ఐడాకేమో వైద్యం రాదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. తాను డాక్టరు కావాలని ఐడా ఆ రాత్రే నిశ్చయించుకున్నారు. 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో చదువు ముగించి, 1900లో వేలూరు వచ్చి, ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. రెండేళ్ళకు అది నలభై పడకల ఆసుపత్రి అయింది. ఈనాటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి అదే మొదలు.

ఈ కథ విన్నవాళ్ళ మనసు కరగకుండా ఉండదు. అయితే మనం దీన్ని ఎప్పుడు చెప్పుకున్నా ఆ రాత్రి దగ్గర ఆపేస్తాం. ఆ రాత్రి నిశ్చయం కలిగింది. ఆ నిశ్చయం ఆసుపత్రిగా మారడానికి పట్టినవి ఏళ్ళు, ఆ ఏళ్ళలో ప్రతి వారమూ. ఆ వారాల గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ.

ఆసుపత్రి కట్టినంత మాత్రాన రోగులు వచ్చెయ్యరని ఐడాకు త్వరలోనే అర్థమైంది. నడవలేనివాళ్ళు, బండి కట్టుకోలేనివాళ్ళు, ఆసుపత్రి అంటేనే భయపడేవాళ్ళు పల్లెల్లోనే ఉండిపోయేవాళ్ళు. అందుకని 1906లో ఆమే దారి పట్టారు. మొదట ఎద్దుబండి, కొన్నేళ్ళ తర్వాత ఫ్రాన్సులో తయారైన పూజో కారు. ఆమె తిరిగిన దారుల్లో గుడియాత్తం దారి ముఖ్యమైనది. వారానికొకసారి మందుల పెట్టెలతో బయలుదేరడం, చెప్పిన చెట్టు కింద ఆగడం, అక్కడ కూర్చుని ఉన్నవాళ్ళకు పుళ్ళు కడిగి కట్టుకట్టడం, కళ్ళు చూడడం, మందిచ్చి మళ్ళీ వచ్చే వారం రమ్మనడం, ఇంకో చెట్టుకు సాగిపోవడం. ఈ చెట్లకింది వైద్యానికి ఆసుపత్రివాళ్ళు పెట్టుకున్న పేరు 'రోడ్‌సైడ్'.

ఇందులో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది 'వచ్చే వారం' అన్న మాట. పుండు ఒక్క కట్టుతో మానదు. ఇవాళ కట్టిన గుడ్డ వచ్చే వారం విప్పి చూసే మనిషి లేకపోతే ఇవాళ్టి వైద్యానికి అర్థం లేదు. కొత్త మనిషి చేతికి కడుపుతో ఉన్న కోడలిని చూపించడానికి ఏ అత్తా ఒప్పుకోదు. అదే ముఖం, అదే చెట్టు కింద, అదే రోజున, ఎండైనా వానైనా నెలల తరబడి కనిపిస్తే ఆ అత్తే కోడలి చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. నమ్మకం ఆ రకంగానే పుడుతుంది. ఎంత గొప్ప ఉపన్యాసంతోనూ దాన్ని తెప్పించలేం.

అలా తిరుగుతూ ఉన్నందువల్లే తర్వాత ఏం చెయ్యాలో కూడా ఆమెకు తెలిసింది. ఒక్క మనిషి ఎన్ని చెట్ల కింద కూర్చోగలదు? 1909లో నర్సుల బడి పెట్టారు. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల పెట్టారు. మొదటి ఏడు చేరినవాళ్ళు 17 మంది. 1947లో మగపిల్లలనూ చేర్చుకున్నారు. 1960లో ఆమె పోయేనాటికి ఆ సంస్థ ఆసియాలోనే పేరు మోసింది. గుండె తెరిచి చేసే శస్త్రచికిత్స 1961లో, మన దేశంలో విజయవంతమైన మొదటి మూత్రపిండ మార్పిడి 1971లో అక్కడ జరిగాయి. వాటి వెనక గుడియాత్తం దారిలో చెట్ల కింద గడిచిన పగళ్ళు ఉన్నాయి.

ఇవాళ మనకు ప్రేరణకు కరువు లేదు. పొద్దున లేస్తే ఫోనులో పది మంది పెద్దల మాటలు, వాటి వెనక సూర్యోదయం బొమ్మలు. బళ్ళల్లో, ఆఫీసుల్లో స్ఫూర్తి ప్రసంగాలు. మహానుభావుల జయంతులకు దండలు, వర్ధంతులకు దండలు. వినేటప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది, ఆ పులకరింత నిజమే. దాన్ని తక్కువ చెయ్యను. నా బాధ వేరు. పులకరింతనే పని అనుకుని అక్కడే తృప్తి పడిపోతున్నాం. ప్రేరణ కలిగిన మర్నాడు ఏం చేశాం, ఆ తర్వాతి వారం అదే రోజున ఏం చేశాం అని అడిగేవాళ్ళు లేరు. అడగవలసింది అదే. వేలూరు చుట్టుపక్కల నేను ఎటు చూసినా ఈ ప్రశ్నకు జవాబులే కనిపిస్తాయి.

పాల్ బ్రాండ్ 1946లో వేలూరు వచ్చిన శస్త్రవైద్యుడు. కుష్ఠు సోకిన చేతుల్లో వేళ్ళు ముడుచుకుపోతాయి. నొప్పి తెలియదు కాబట్టి కాలినా కోసుకున్నా మనిషికి పట్టదు, గాయాలు పెరిగి వేళ్ళు పోతాయి. బలం మిగిలిన స్నాయువును తెచ్చి చచ్చుబడిన వేళ్ళకు కలిపితే చెయ్యి మళ్ళీ తెరుచుకుంటుందని 1948 నుంచి ఆయన చేసి చూపించారు. కుష్ఠు రోగుల చేతులను అలా సరిచెయ్యడం ప్రపంచానికి వేలూరు నేర్పిన విద్య. కాట్పాడి దగ్గర కరిగిరిలో 1955లో కుష్ఠు పరిశోధన కేంద్రం కూడా వచ్చింది. ఇంత గొప్ప శస్త్రచికిత్సలోనూ డాక్టరు పని కొన్ని గంటలే. పిండికట్టు విప్పాక ఆ వేలిని వంచడం, చాచడం రోగి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. రోజూ, విసుగు లేకుండా, వారాల తరబడి. ఆ సాధన మానేస్తే డాక్టరు నైపుణ్యమంతా వ్యర్థం.

ఆ బ్రాండ్ దగ్గర పని నేర్చినవారు డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆమెకు నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆ తర్వాత న్యూయార్కు వెళ్ళి పునరావాస వైద్యం చదివి, వేలూరు తిరిగొచ్చి ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1966లో పునరావాస కేంద్రం వచ్చింది. 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. ఆమెను తలుచుకున్నప్పుడు నాకు పద్మశ్రీ గుర్తుకు రాదు. ప్రతి పొద్దునా మంచం మీదినుంచి కుర్చీలోకి చేరడానికి ఆమె పడిన శ్రమ గుర్తుకొస్తుంది. ఆ శ్రమ పడ్డాకనే ఆమెకు రోగుల దగ్గరికి పోవడం.

ఊళ్ళోనే ఉన్న కేంద్ర కారాగారం ఇంకొక పాఠం చెబుతుంది. రాజాజీ 1921 చివర, 1922 మొదట్లో అక్కడ ఉండి జైలు దినచర్య రాసుకున్నారు. క్విట్ ఇండియా రోజుల్లో వినోబా భావేను అదే జైలుకు తెచ్చారు. అప్పటికి ఆయన వయసు యాభైకి దగ్గర పడుతోంది. ఎప్పుడు వదులుతారో తెలియని ఆ గదిలో కూర్చుని ఆయన తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగూ నేర్చుకున్నారు. భాష అంటే ఒక పూట ఉత్సాహంతో వచ్చేది కాదని అక్షరాలు దిద్దిన ప్రతివాడికీ తెలుసు. వినోబా నాలుగు భాషల అక్షరాలు రోజూ దిద్దారు. ఏళ్ళ తర్వాత ఆయన కాలినడకన తెలంగాణ పల్లెలకు వచ్చారు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూమి లేనివాళ్ళు ఆయన ముందు తమ గోడు చెప్పుకున్నారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానం పుట్టిన ఆ ఘడియను చరిత్ర రాసుకుంది. ఆ పల్లెల భాషను ఆయన ఆ ఘడియకు ముందే, వేలూరు జైల్లో, ఎవరూ చూడని రోజుల్లో నేర్చుకుని ఉన్నారు.

ఇక కోట. నీళ్ళ కందకం మధ్య ఇప్పటికీ చెక్కుచెదరని ఈ రాతికోట పదహారో శతాబ్దంలో, విజయనగర రాజుల కింద చిన్న బొమ్మి నాయకుడి కాలంలో కట్టింది. ఆ నాయకుడే అప్పయ్య దీక్షితులను ఆదరించి కనకాభిషేకం చేశాడు. విజయనగరపు ఆఖరి రాజులకు ఇది రాజధాని కూడా అయింది. రాయవేలూరని మా పెద్దవాళ్ళు అనేది అందుకే. కోటలోపలి జలకంఠేశ్వరాలయ కళ్యాణ మండపం చూసినవాళ్ళు మరిచిపోలేరు. గుర్రాలు, యాళులు, ఒక్కో స్తంభం ఒక్కో కావ్యం. కోట చేతులు మారింది. బీజాపూరు సైన్యం, మరాఠాలు, మొఘలులు, ఇంగ్లీషువాళ్ళు వరసగా వచ్చారు. గుడిలో పూజ ఆగిపోయింది, మూలవిరాట్టు బయటికి పోయింది. శిల్పాలన్నీ అలాగే ఉన్నాయి. కానీ కొన్ని వందల ఏళ్ళు అది గుడి కాదు, చూడడానికి పోయే కట్టడం. 1981లో సత్తువాచ్చారి నుంచి లింగాన్ని తెచ్చి మళ్ళీ నిలిపారు. ఆనాటి నుంచి పూట పూటకూ దీపం వెలుగుతోంది, మనుషులు వస్తున్నారు, గంట మోగుతోంది. రాయి వందల ఏళ్ళు తనంతట తాను నిలబడగలదు. దీపం మాత్రం సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి వెలిగిస్తేనే ఉంటుంది. సంస్కృతి అని మనం గొప్పగా చెప్పుకునేది చాలావరకు ఈ రెండో రకం.

గుడియాత్తం ఈ మాటను తన పద్ధతిలో చెబుతుంది. పలమనేరు అడవుల వైపునుంచి వచ్చే కౌండిన్య నది ఒడ్డున, గోపాలపురంలో గంగమ్మ గుడి ఉంది. ఏటా వైకాశి మాసం మొదటి రోజున, అంటే మే నెల నడుమ, సిరసు పండుగ. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి అమ్మవారి సిరసు వీధి వీధినా ఊరేగి, జనం కొట్టే కొబ్బరికాయల మధ్య నుంచి సాగి, గోపాలపురంలో మొండేనికి చేరుతుంది. వెనక ఉన్నది రేణుక కథ. తండ్రి మాట మీద పరశురాముడు తల్లి తల నరికితే, అడ్డుపడిన అంటరాని ఇల్లాలి తలా తెగింది. తిరిగి బతికించేటప్పుడు ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతికింది. ఆ కలిసిన రూపానికే ఊరంతా మొక్కుతుంది. అదే నెలలో తిరుపతిలో మన గంగమ్మ జాతర. బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలతో వారం రోజులు ఊరు ఊరంతా కదులుతుంది. చిత్తూరు, కుప్పం, పలమనేరుల్లోనూ గంగమ్మే. రాష్ట్రాల గీత గీసినవాళ్ళు గంగమ్మను పంచలేకపోయారు. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు పోయి మొక్కులు తీర్చుకుంటూనే ఉన్నారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకపోయినా ఈ బంధం ఇన్నాళ్ళు నిలిచిందంటే, ఆ రోజు వచ్చేసరికి సిరసు మొయ్యడానికి భుజాలు ఉన్నాయి కాబట్టే.

రోజూ చేసే పనిని ఇంతగా పొగిడినప్పుడు ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. గుడియాత్తం నేతపనికి, లుంగీలకు పేరు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టిలతో పాటు అగ్గిపెట్టెలకూ పేరు. అక్కడి మగ్గం ముందు కూర్చున్న మనిషికి, పుల్లలు పెట్టెల్లో సర్దే ఆడవాళ్ళకు నియమం గురించి నేను చెప్పాల్సింది ఏమీ లేదు. వాళ్ళ చేతులు రోజూ ఒకే పని చేస్తాయి. చెయ్యకపోతే పొయ్యి వెలగదు. అగ్గిపెట్టె ధర 2007 నుంచి 2021 చివరిదాకా ఒక్క రూపాయి దగ్గరే ఉండిపోయింది. ఆ పద్నాలుగేళ్ళలో బియ్యం, నూనె, అద్దె ఏదీ ఆగలేదు. తను ఎంచుకున్న నియమం మనిషిని పెంచుతుంది. గతిలేక మెడకు పడ్డ నియమం మనిషిని అరగదీస్తుంది. ఈ తేడా మరిచిపోయి శ్రమను పూజించేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. కాబట్టి తీరిక కొంచెమైనా ఉన్నవాళ్ళం, వారంలో ఒక పూటను మన ఇష్టానికి వాడుకోగలిగినవాళ్ళం, ఆ పూటకు బాధ్యులం. నా మాట మనలాంటి వాళ్ళతోనే.

1954లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు ఉపఎన్నికలో గెలిచి వచ్చింది ఈ గుడియాత్తం నుంచే. పెద్ద చదువు చదువుకోలేకపోయిన ఆయన పల్లె పల్లెకూ బడి, బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం అన్నారు. అన్నం సంగతి ఎవరికైనా తెలిసిందే. ఒక రోజు పెట్టి మర్నాడు మానేస్తే పిల్లవాడు బడికి రాడు. రోజూ పెడితేనే అది చదువవుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ దారిలో నన్ను కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. వేలూరు, కాట్పాడి, గుడియాత్తం, పేర్ణంబట్టు, పరదరామి చుట్టుపక్కల ఇళ్ళల్లో తెలుగు వినిపిస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఇదంతా కలిసి ఉత్తర ఆర్కాటు. 1960లో తిరుత్తణి అటు పోయింది, కొన్ని ఊళ్ళు ఇటు వచ్చాయి. గీతలు మారినా ఇంటి మాట మారలేదు. అవ్వ తెలుగులో పిలిస్తే మనవడు తెలుగులోనే పలుకుతాడు. అదే మనవడి చేతికి తెలుగు పత్రిక ఇస్తే తిప్పి చూసి కింద పెట్టేస్తాడు. బళ్ళల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చాక తెలుగు అక్షరం ఇంకా వెనక్కి పోయింది. తమిళం మీద నాకు ఏ కోపమూ లేదు. ఉన్న గడ్డ భాష నేర్చుకోవడం ధర్మం, పైగా అది గొప్ప భాష. ఆ పిల్లలు తమిళం బాగా చదవాలి. దానితో పాటు అవ్వ భాషలో ఒక పుట చదవగలిగితే వాళ్ళకు నష్టమేమీ లేదు, లాభమే.

దీనికి ప్రభుత్వాలు చెయ్యాల్సింది ఉంది, అడగవలసింది అడగాలి. అడుగుతూనే మనం చెయ్యగలిగింది కూడా ఉంది. మాతృభాషా దినోత్సవం నాడు సభ పెట్టి, తెలుగుతల్లికి దండ వేసి, మళ్ళీ ఏడాది దాకా మూసి పెట్టే పద్ధతితో ఒక్క పిల్లవాడికీ అక్షరం రాలేదు. నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, జైలు గదిలో, పరాయి భాషలు నాలుగు నేర్చుకున్న మనిషి మన కళ్ళముందు ఉన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఇంట్లో, అవ్వ ఒళ్ళో కూర్చుని, పుట్టినప్పటి నుంచి వింటున్న భాషకు అక్షరాలు నేర్చుకోలేడా?

వేలూరులో, గుడియాత్తంలో ఉన్న తెలుగువారికి, అలాగే హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, అమెరికాలో ఉన్నవారికి కూడా నా విన్నపం ఒకటే. వారంలో ఒక సాయంత్రం ఎంచుకోండి. ఇంట్లో పిల్లలనూ, పక్కింటి పిల్లలనూ కూర్చోబెట్టి ఒక గంట తెలుగు చదివించండి. పలక ఉంటే పలక, పాత పత్రిక ఉంటే పాత పత్రిక. మొదటి వారం పదిమంది వస్తే నాలుగో వారం ఇద్దరే రావచ్చు. ఆ ఇద్దరితోనే కూర్చోండి. పెళ్ళి పిలుపు వచ్చినా, క్రికెట్ ఆట ఉన్నా ఆ గంట మానకండి. ఆ గంటకు మీరు అక్కడ ఉంటారని పిల్లలకు నమ్మకం కుదిరితే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు. ఏ సాయంత్రం అన్నది ఇవాళే ఇంట్లో అందరికీ చెప్పెయ్యండి. చెప్పిన రోజుకు తప్పకుండా రండి.